ఓరుగంటిలో ఒక దినము

ఓరుగంటి కోటను చూడవచ్చు యాత్రికులు సాధారణముగా ఒక పూటలో తమ పని ముగించుకొందురు. నాలుగు దిక్కుల నిలిచిన నాలుగు కీర్తితోరణములను చూతురు. నడుమ కూలిపడియున్న స్వయంభూదేవాలయపు స్తంభములను, దూలములను, సింహములను, నందులను చూతురు. ఖుష్‌మహలులోనికి పోయి దాని ఎత్తునకు ఆశ్చర్యపడుదురు. ఏకశిల యనబడు గుట్టపై కెక్కి చుట్టును పరికించి, మరల పట్టణమునకు పోవుదురు. కొందరు కోహినూరు వజ్రము ఇచ్చటనుండియే పోయినదట కదా యని అడుగుదురు. దానికి సమకాలిక ప్రమాణమేదియు ఇంతవరకు చూపబడలేదు. కాని ఆ మహానగరమున ఒక సామాన్యుడు మధ్యాహ్నవేళ ఆకలిగొన్నచో ఎచ్చట భుజించెను, ఎంత ధర చెల్లించెను, విస్తరిలో ఏమేమి వడ్డించిరి అని అడుగువారు అరుదు. విచిత్రమేమనగా, వజ్రమును గూర్చిన ప్రశ్నకు జవాబు లేదు గాని ఈ ప్రశ్నకు కలదు.

కాకతీయ చరిత్రకు ఆధారములు కొల్లలుగా నున్నవి. 1163 నాటి అనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనము రుద్రదేవుని విజయములను వర్ణించును. 1244-45 నాటి మోటుపల్లి అభయశాసనము గణపతిదేవుడు విదేశ వర్తకుల కిచ్చిన మాటను తెలుపును. 1289 నాటి చందుపట్ల శాసనము రుద్రమదేవి మరణకాలమును నిర్ణయించుటకు తోడ్పడినది. విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయమున అలంకారశాస్త్రములోని ప్రతి లక్షణమునకును ఉదాహరణముగా ప్రతాపరుద్రుని కీర్తినే నిలిపెను. ఇవియన్నియు ప్రభువుల మాటలు, లేక ప్రభువులను గూర్చిన మాటలు. శాసనము దానముచేసినవానిని ఎరుగును, దానముపట్టినవానిని ఎరుగును, పొలము ఎల్లలను ఎరుగును. వీథిలో నడచిపోవు మనుష్యుని అది ఎరుగదు. విద్యానాథుని గ్రంథమంతయు గాలించినను ఓరుగంటి అంగడిలో కూరగాయలమ్ము స్త్రీ యొకతె కనబడదు.

ఆ కొరతను తీర్చునది ఒక చిన్న పుస్తకము. దాని పేరు క్రీడాభిరామము. కర్తగా పేర్కొనబడినవాడు వినుకొండ వల్లభరాయుడు. విజయనగర ప్రభువుల కొలువులో మెలగిన కుటుంబమువాడు. పదునైదవ శతాబ్ది ఆరంభమున నుండినవాడని పండితుల మతము. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన ప్రేమాభిరామమను రూపకమును అనుసరించి ఈ తెలుగు వీథి వ్రాయబడినదని గ్రంథావతారికయే చెప్పుచున్నది. వీథి యనగా దశరూపకములలో నొకటి. ఒకే అంకము, ఒకరిద్దరు పాత్రలు. ఈ వీథిలోని పాత్రలు గోవింద మంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను వైశ్యుడును. వీరిద్దరును స్నేహితులు. తెల్లవారినది మొదలు రాత్రివరకు ఓరుగంటి వీథులలో తిరుగుట, కనబడినదానిని చూచుట, చూచినదానిపై మాటలాడుకొనుట, ఇదియే కథ. యుద్ధము లేదు, రాజ్యాభిషేకము లేదు, శాపము లేదు. దేశభాషలలో తెలుగు మేలైనదను ప్రసిద్ధమైన మాటను శ్రీకృష్ణదేవరాయల కాముక్తమాల్యదతోనే ముడిపెట్టి చెప్పుట వాడుక. ఆ మాట అంతకు నూరేండ్ల ముందే ఈ చిన్న పుస్తకములో నున్నదని చాలమంది ఎరుగరు.

నగరవర్ణనలు మన కావ్యములలో తక్కువ కాదు. ప్రతి ప్రబంధమునందును పురవర్ణన యుండి తీరవలయును. కాని ఆ పురములన్నియు ఒకే అచ్చున పోసినట్లుండును. కోటలు చంద్రమండలమును తాకును, అగడ్తలు పాతాళమును చేరును, మేడలపై స్త్రీలు మెరుపుతీగలవలె నుందురు. పేరు మార్చినచో అయోధ్య ద్వారకయగును. క్రీడాభిరామములోని పట్టణము అట్టిది కాదు. ఇది ఓరుగల్లే గాని మరియొకటి కానేరదు.

పాశ్చాత్య దేశములలో దీనికి సాటిగా ఒక రచనను చెప్పవచ్చును. 1173-74 ప్రాంతమున విలియం ఫిట్జ్‌స్టీఫెన్ అను మతాధికారి లాటిను భాషలో థామస్ బెకెట్ జీవితమును వ్రాయుచు, దాని పీఠికగా లండను నగరమును వర్ణించెను. అనుమకొండలో రుద్రదేవుడు రాజ్యము చేయుచున్న కాలమది. థేమ్సునది యొడ్డున అన్ని వేళల వండిన పదార్థములు దొరకు భోజనశాల యుండెననియు, పండుగనాటి ఉదయమున బడిపిల్లలు కోడిపుంజులను తెచ్చి పందెములాడించిరనియు, మధ్యాహ్నము పొలములలో బంతులాడిరనియు అతడు చెప్పెను. మూర్ఖుల మితిమీరిన త్రాగుడును, మాటిమాటికి అంటుకొను అగ్నిప్రమాదములును తప్ప లండనుకు వేరు పీడలు లేవని కూడ వ్రాసెను. ఆంగ్లేయులు ఆ కొద్ది పుటలను కన్నులకద్దుకొని కాపాడుకొనిరి. 1598లో జాన్ స్టో లండను పరిశీలన గ్రంథమును ప్రకటించినప్పుడు ఆ లాటిను వర్ణనను దానికి చేర్చెను. పూటకూటియిల్లు, కోడిపందెము, వీథిలోని జనము, ఇవియే క్రీడాభిరామమునను కనబడును. రెండు నగరములకును నడుమ సముద్రములున్నవి. ఒకరి వ్రాత మరియొకరికి తెలియుటకు వీలులేదు.

ఇక ఆ దినమును చూతము. కావ్యములోని వరుసను పట్టి గాక, చూడదగిన ముఖ్యస్థలములను పట్టి చూచుట సులభము.

ఓరుగంటి నిర్మాణమును ముందు తలచుకొనవలెను. నగరము వలయములుగా నిర్మింపబడినది. సప్తప్రాకారములని లోకవాడుక. అందు స్పష్టముగా నేటికిని కనబడునవి మూడు. మిక్కిలి వెలుపలిది పెద్ద మట్టికట్ట. దానిలోపల మరియొక మట్టికోట, దాని వెంట అగడ్త. అన్నిటి లోపల రాతికోట. రాతికోటకు 45 బురుజులు, నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు కలవు. గణపతిదేవుడు రాతికోటను కట్టించెననియు, రుద్రమదేవి దానిని పెంచి లోపలివైపు మెట్లు కట్టించెననియు చెప్పుదురు. కోటద్వారములు తిన్నగా లోనికి పోనీయవు. లోపలికి వచ్చువాడు ప్రక్కకు తిరిగి, మరల తిరిగి, రెండు వాకిళ్లు దాటవలయును. శత్రువునకు అది యిబ్బంది, సంతకు వచ్చిన బండికిని కొంత యిబ్బందియే అయియుండవలెను.

స్నేహితులిద్దరును ముందు వెలిపాళెమున, అనగా కోటకు వెలుపలి భాగమున తిరుగుదురు. అక్కడ నానాజాతుల, నానావృత్తుల జనము కనబడును. కన్నడ దేశపు స్త్రీ కూడ కనబడును. రాజధాని యన్నచోట ఇతరభాషల మాటలు వినబడుట సహజము. ఆ సంతల సంపద ఎట్టిదో తెలుపుటకు ఓరుగంటిలోనే దొరకిన కాకతీయకాలపు వర్తకసంఘ శాసనమొకటి కలదు. ధాన్యము, నువ్వులు, ఆవాలు, ఉప్పు, బెల్లము, మిరియములు, పసుపు, అల్లము, కొబ్బరికాయలు, తమలపాకులు, సీసము, రాగి, ఇట్లు అమ్మకమునకు వచ్చు సరకుల పట్టికను, వానిపై దేవునికి చెల్లింపవలసిన సుంకమును అది తెలుపుచున్నది. లెక్కల పట్టిక యందును కవిత్వము కలదని దానిని చదివినవారికి తెలియును. కావ్యము మనుష్యులను చూపినది, శాసనము వారి బుట్టలలోని సరకును చూపినది. రెండును కలిపి చదివినప్పుడే సంత నిండును.

ఈ సరకులలో కొంత సముద్రము దాటి వచ్చినది. తుపాను తాకిడికి తీరము చేరిన ఓడల సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా పట్టుకొనుచుండిరనియు, తాము మాత్రము న్యాయమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచితిమనియు గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనము వేయించెను. సుంకము ముప్పదింట నొకటి. గంధము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, పగడము మున్నగు వాని పేర్లు ఆ శాసనములో కలవు. పదుమూడవ శతాబ్ది చివర మన తీరమును గూర్చి వ్రాసిన వెనిసు పట్టణపు మార్కోపోలో ఈ రేవు పేరునే మొత్తము రాజ్యమునకు పెట్టి, ఇచ్చటి వస్త్రములు సాలెపురుగు గూడువలె సన్ననివని మెచ్చెను. అతడు రేవునుగూర్చి చెప్పెనే గాని ఓరుగంటి వీథులను వర్ణింపలేదు. వర్ణించియుండినచో నేడు మంచనశర్మకు తోడొకడు దొరకియుండును.

ప్రొద్దెక్కినది. ఆకలియైనది. లక్ష్మణవజ్ఝల యింట భోజనము దొరకును. ఇది పూటకూటియిల్లు, అనగా డబ్బు పుచ్చుకొని అన్నము పెట్టు ఇల్లు. ఒక రూకకు అచ్చట ఏమి వడ్డింతురో కవి పూర్తిగా చెప్పెను. కర్పూరభోగి బియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన వంటకము, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకముల నంజుళ్లు, గడ్డపెరుగు. ఒక్క పద్యములో విస్తరి నిండినది. దీనిని కొంచెము ఆగి చదువవలయును. కర్పూరభోగి యనునది సన్నని, వాసనగల బియ్యపు జాతి. రాజధానిలో బియ్యమునకు జాతులనుబట్టి పేరుండెను, పేరునుబట్టి గౌరవముండెను. ఓరుగంటి చుట్టుప్రక్కల రామప్ప, పాకాల, లక్నవరము వంటి పెద్దచెరువులు కట్టించిన కాకతీయుల నాట మంచి వరికి కొరత యుండనక్కర లేదు. గోధుమ వంటకము ఉన్నది గాని అది పిండివంటగానే యున్నది, అన్నమునకు బదులుగా కాదు. పంచదార గుప్పెడు మాత్రమే. నంజుళ్లలో మాంసము మాట లేదు, బ్రాహ్మణుని యింటి పూటకూడు గనుక. ఈ యొక్క పద్యము దొరకకపోయినచో, కాకతీయుల కాలపు భోజనమును గూర్చి చెప్పుటకు చరిత్రకారులకు ఎంత మిగిలియుండెడిదో ఊహింపవచ్చును.

కాలము తెలియుటకు ఆ నగరమున గడియారముండెను. నేటివలె చక్రములతో నడచునది కాదు. నీటితొట్టిలో అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నె నొకదానిని తేల్తురు. నీరు మెల్లగా ఎక్కి గిన్నె మునుగుటకు ఒక గడియ, అనగా నేటి లెక్కను 24 నిమిషములు పట్టును. మునిగినప్పుడెల్ల కావలివాడు గంట కొట్టును. గంట విని ఊరివారు వేళ తెలిసికొందురు. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఎంత తీరికగా తిరిగినను వారి దినమును ఈ గంటయే కొలిచినది.

పిమ్మట వినోదములు. కోడిపందెము, పొట్టేళ్ల పోరు, పాములవాని ఆట, ఇవన్నియు వారు నిలిచి చూచినవే. కోడిపందెమును కవి యుద్ధకాండవలె వర్ణించెను. కూలిన పుంజునకు మహావీరునకు చేయవలసిన విలాపమును చేయించెను. నవ్వు పుట్టించుటకే యైనను, ఆ విలాపము చదువునప్పుడు నవ్వుతోపాటు ఏదో జాలియు కలుగును. ఓరుగంటిలో నిజముగా వీరులు కూలిన సంగతి చదువరికి తెలియును గనుక అట్లు తోచునేమో. కవికి ఆ ఉద్దేశ్యమున్నదో లేదో నిర్ణయింపరాదు.

గుడులలో ఎక్కువగా కనబడునవి గ్రామదేవతల గుడులు. స్వయంభూదేవుడు రాజుల దేవుడు, రాజలాంఛనములన్నియు ఆయనవే. ఈ యిద్దరు స్నేహితులను లాగునది మాత్రము ఏకవీర, కాకతమ్మ, మైలారదేవుడు, భైరవుడు. ఏకవీర మాహురమ్మ యెదుట బవనీలవారిలో పేరుగన్న గాయకుడు జవనికను వాయించుచు పరశురాముని కథలు పాడును. ఆ వాద్యమే నేటి జమిడిక యని పెద్దల యభిప్రాయము. తెలంగాణములో బైండ్లవారి చేతిలో జమిడికను విని, ఎల్లమ్మ కథను, అందు పరశురాముని ప్రసక్తిని విన్నవారికి ఇది ఆరువందల యేండ్ల నాటి మాటగా తోచదు. ఓరుగంటికి చేరువనున్న మొగిలిచర్లలో ఏకవీర గుడి నేటికిని కలదు. మైలారుభటుల సాహసములను చదువునప్పుడు ఒడలు జలదరించును. నిప్పులగుండములు త్రొక్కుట, దేహమున శూలములు, నారసములు గ్రుచ్చుకొనుట వారి మ్రొక్కుబడి. గొరగపడుచు దేహమును వెనుకకు వంచి చేయు విన్యాసములను జనము గుమిగూడి చూచిరి. భక్తియు వినోదమును ఒకేచోట నిలిచినవి.

వీథిలో ఒక స్త్రీ పల్నాటివీరుల కథ పాడుచున్నది. వేగమైన తాళమున వాద్యము మ్రోగించుచు ద్విపదలో పాడుచున్నది. ఒక్కొక్క అక్షరమునకు యువకులు కేకలువేయుచు ఊగిపోవుచున్నారు. పల్నాటియుద్ధము పండ్రెండవ శతాబ్ది చివర జరిగినది. కృష్ణకు దక్షిణమున నున్న కారెంపూడి రణభూమి కథ ఓరుగంటి వీథిలో ఇంత కలకలము పుట్టించినదన్నమాట. శ్రీనాథుని పేర నడచుచున్న పల్నాటివీరచరిత్రమును గూర్చి వాదించువారందరును ఈ పద్యమును సాక్ష్యముగా పిలువవలసినదే. వీరగాథను వ్రాసినవారు ఎవరైనను, పాడినది ఒక స్త్రీ, విన్నది వీథి యని ఇది తేల్చినది.

నగరములోని మేడలలో మిక్కిలి విశేషముగా చెప్పబడినది మాచల్దేవి యిల్లు. ఆమె ప్రతాపరుద్రుని ఆదరమునకు పాత్రురాలైన వేశ్య. ఆనాడే ఆమె చిత్రశాలకు ప్రవేశోత్సవము. గోడలపై వ్రాయించిన చిత్రములు శివుని దారుకావనవిహారము, గోపికలతో కృష్ణుడు, అహల్యా దేవేంద్రులు, తారా చంద్రులు, మేనకా విశ్వామిత్రులు. ఈ చిత్రముల యెంపికలోని చమత్కారమును చదువరి గ్రహింపకపోడు. కాకతీయుల శిల్పము రాతిలో మిగిలినది. పాలంపేట రామప్పగుడికి 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ గౌరవము లభించినది. కాని వారి కాలపు చిత్రకళ గోడలతోపాటు నశించినది. మాచల్దేవి చిత్రశాల యొక సున్నపుపెళ్లయైనను దొరకలేదు. దానిలో ఏ గోడపై ఏ కథ యున్నదో మాత్రము మిగిలినది.

ఈ పుస్తకమును పొగడుచు దాని దోషములను దాచరాదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి చూచిన ఓరుగల్లు మగవాని కంట పడిన ఓరుగల్లు. పనిచేసికొని బ్రతుకు స్త్రీలు వీథిలో కనబడినప్పుడెల్ల వారి పనికంటె వారి సొగసే ఎక్కువగా వర్ణింపబడినది. కొన్ని పద్యములు సభలో చదువరానివి. ఈ కారణముననే కొందరు పండితులు దీనిని చాలకాలము ప్రక్కన పెట్టిరి. అది పూర్తిగా అన్యాయమని చెప్పలేము. కాని కవికి రుచి యెంత తక్కువయో, కన్ను అంత నిశితము. తక్కిన కావ్యములు నీతిగా ఉండి చూపనిదానిని ఇది అవినీతిగా ఉండియు చూపెను. చరిత్రకు పనివారల వృత్తులు, వస్త్రములు, వాద్యములు, ధరలు కావలెను. వానిని ఏ పద్యములోనుండి తీసికొన్నను తీసికొనవలసినదే.

ఇంతకంటె పెద్ద సందేహము వేరొకటి కలదు. ఇది ఏ కాలపు ఓరుగల్లు? ఇక్కడ నగరము చరిత్రను తలచుకొనవలయును.

1303లో ఢిల్లీ సుల్తాను అల్లాయుద్దీను ఖిల్జీ పంపిన సేన ఓటమి పొంది మరలినది. 1309-10లో మాలిక్ కాఫూరు వచ్చెను. అతని దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో, అనుమకొండ గుట్టపైనుండి ఓరుగంటి తోటలు కనబడెననియు, అందు మామిడి, అరటి, పనస యుండెననియు వ్రాసెను. బయటి మట్టికోట ఉక్కుబల్లెమునకైనను లొంగనిదనియు, రాళ్లు విసరు యంత్రపు గుండు దానికి తగిలినచో పిల్లలాడుకొను కాయవలె ఎగిరి వచ్చుననియు చెప్పెను. ఇదియు ఒక విధమైన నగరదర్శనమే, కాని ముట్టడించువాని దర్శనము. 1318లో మరల దండయాత్ర. కడకు 1323లో ఉలుఘ్‌ఖాను, తరువాతి కాలపు మహమ్మద్ బిన్ తుగ్లకు, కోటను పట్టుకొనెను. ప్రతాపరుద్రుని ఢిల్లీకి తీసికొనిపోవుచుండగా అతడు నర్మదాతీరమున మరణించెనని 1330 ప్రాంతపు ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. అగ్రహారములు పోయినవనియు, రైతుల పంట రైతులకు దక్కలేదనియు ఆ శాసనమే మొరపెట్టినది. ఓరుగంటికి సుల్తానుపురమని పేరు మార్చిరి. స్వయంభూదేవాలయము నేలమట్టమయ్యెను. 1336 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుడు నగరమును మరల సాధించి కొన్ని దశాబ్దములు ఏలెను. అతని పిదప అది రేచర్ల వెలమ ప్రభువుల చేతికి, పదునైదవ శతాబ్దిలో బహమనీల చేతికి పోయినది.

వల్లభరాయుడు వ్రాయునాటికి ప్రతాపరుద్రుడు పోయి నూరేండ్లకు దగ్గరగా నైనది. మాచల్దేవి చిత్రశాల ప్రవేశమునకు ఎవరును పోవుటకు వీలులేదు. అయినను కావ్యములో ఆ ఉత్సవము ఆనాడే జరుగుచున్నది. తోరణములు కూలిన గుడి చుట్టును నిలిచియుండగా, కవి గుడి కూలిన మాటయే ఎత్తడు. దీనికి సమాధానము మూలగ్రంథమునందున్నది. రావిపాటి త్రిపురాంతకుడు ప్రతాపరుద్రుని కాలమువాడని పండితులు తలంతురు. అతడు ఓరుగంటిని కన్నులార చూచి సంస్కృతమున వ్రాసెను. వల్లభరాయుడు దానిని తెలుగుచేసెను. అట్లైనచో క్రీడాభిరామము చూచినవాని సాక్ష్యమే, నకలుదారుని చేతిమీదుగా వచ్చిన సాక్ష్యము. నకలులో నకలుదారుని కాలపు మాటలు కొన్ని చేరుట లోకసహజము. అందుచేత పుస్తకములోని ప్రతి వివరమును 1300 నాటిదని రూఢిగా పట్టుకొనుటయు తప్పు, అంతయు 1400 నాటి కల్పనయని త్రోసివేయుటయు తప్పు. మాచల్దేవి, ఏకవీర, కాకతమ్మ మొదటి కాలమువారు. ద్విపద పాటయు, వంటకముల పేర్లును ఏ కాలపువైనను కావచ్చును.

కర్తృత్వమును గూర్చియు వాదము చెలరేగినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఇది శ్రీనాథుని రచనయని అనేక యుక్తులతో వాదించిరి. శైలిలో శ్రీనాథుని పోలికలు లేవని ఎవరును అనలేరు. అయినను దస్తావేజుపై నున్న చేవ్రాలు ఒకరిది, వ్రాతతీరు మరియొకరిదివలె నున్నది యన్నంతమాత్రమున హక్కు మార్చరాదు. అవతారిక వల్లభరాయని పేరు చెప్పుచున్నది. అంతకంటె బలమైన పత్రము వెలువడువరకు పుస్తకము వల్లభరాయనిదే.

గ్రంథము అచ్చునకు వచ్చిన కాలమును కూడ గమనింపదగును. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోను వెలసినవి. ఉర్దూ రాజభాషగా నుండి, తెలుగుబడి కరవైన ఆ దినములలో ఓరుగంటివారు తమ సొమ్ముతో తెలుగు పుస్తకములు కొని చదువుకొనిరి. కోటకు రెండు మూడు క్రోసుల దూరములో కూర్చుండి చదువుకొన్న ఆ తొలి పాఠకులకు తమ నగరమును వర్ణించిన ఈ పుస్తకము అందుబాటులో లేదు. అది యింకను తాటాకులపైననే యున్నది. మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెలికితీసి 1909లో ముద్రించిరి. అటుపిమ్మట వేటూరివారు విపులమైన పీఠికతో ప్రకటించిరి. 1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘికచరిత్రమును వెలువరించినప్పుడు కాకతీయయుగపు అధ్యాయమునకు ఈ వీథిని పెట్టుబడిగా వాడుకొనిరి. రాజుల వంశావళి గాక ప్రజల తిండి, బట్ట, ఆట, పాట చరిత్రయని ఆయన వాదము. ఆ వాదమునకు క్రీడాభిరామమువంటి సాక్షి లేకున్నచో బలము చాల తగ్గియుండెడిది. ఓరుగంటి తోరణము 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రపు చిహ్నములో స్థానము పొందినది. తోరణము క్రిందుగా నడచిపోయినవారు ఎవరో తెలిసికొనగోరువారు నేటికిని గ్రంథాలయపు అలమారలో ఈ పలుచని పుస్తకమునే వెదకుకొనవలయును.

త్రిపురాంతకుని ప్రేమాభిరామము ఇంతవరకు దొరకలేదు. అతని త్రిపురాంతకోదాహరణము తెలుగున నిలిచినది గాని, ఓరుగంటి దినమును మొదట వ్రాసిన సంస్కృత రూపకపు ప్రతి ఎచ్చటను కనబడలేదు. అది యే యింటి అటుకపైనైనను, ఏ మఠపు పెట్టెలోనైనను బయటపడినచో మొట్టమొదట చూడవలసినది లక్ష్మణవజ్ఝల యింటి భోజనము. అందు వెల యెంతయని యున్నదో చదివినచో, ఆ రూక ప్రతాపరుద్రుని నాటిదో, వల్లభరాయని నాటిదో తేలిపోవును.